రక్తం పట్టాలంటే ఐరన్ ఒక్కటే చాలదు

అందరికీ నమస్కారం.

రక్తం తక్కువగా ఉందని డాక్టరు అనగానే మన ఇళ్లలో ముందు తయారయ్యేది బీట్‌రూట్ జ్యూస్. ఎర్రగా ఉంది కాబట్టి రక్తం పడుతుందని నమ్మకం. రంగు సంగతి వదిలేయండి. అందులో ఫోలేట్ అనే బీ విటమిన్ ఉన్న మాట మాత్రం నిజం. దాని పని గురించే ఈరోజు ముఖ్యంగా చెప్పాలి.

ఎర్ర రక్తకణాలు పుట్టేది ఎముకల మూలుగలో. పెద్దయ్యాక కాళ్లు, చేతుల ఎముకల్లో చాలావరకు కొవ్వు చేరిపోతుంది. అప్పుడు ఈ పని తుంటి ఎముక, వెన్నుపూసలు, పక్కటెముకలు, రొమ్ము ఎముక చూసుకుంటాయి. సెకనుకి సుమారు 20 లక్షల కణాలు! ఆక్సిజన్ తగ్గితే ఇంకా చెయ్యమని ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్‌తో కబురు పంపేది కిడ్నీలు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో రక్తం తగ్గడానికి ముఖ్య కారణం అదే.

మూలుగని స్లైడ్ మీద పరిచి, రంగు వేసి చూస్తే భలే ఉంటుంది. తొలి కణం పెద్దది, ముదురు నీలం. నాలుగైదుసార్లు చీలుతూ, ప్రతిసారీ చిన్నదవుతుంది. హిమోగ్లోబిన్ నిండేకొద్దీ నీలం బూడిదరంగుకి, తర్వాత గులాబీకి తిరుగుతుంది. ఆఖర్న డీఎన్ఏ ఉండే తన న్యూక్లియస్‌నే బయటికి నెట్టేస్తుంది. పక్కనే కాచుకున్న మాక్రోఫేజ్ అనే పారిశుద్ధ్య కణం దాన్ని మింగేస్తుంది. మిగిలిన లేత ఎర్రకణం (రెటిక్యులోసైట్) రక్తంలోకి వచ్చి, ఒకటి రెండు రోజుల్లో పూర్తిగా ముదిరి, దాదాపు 120 రోజులు తిరుగుతుంది.

చీలిన ప్రతిసారీ డీఎన్ఏకి కొత్త నకలు కావాలి. దానికి ఫోలేట్, బీ12 ఉండాలి. అవి లేకపోతే హిమోగ్లోబిన్ తయారవుతూనే ఉంటుంది గానీ న్యూక్లియస్ వెనకబడిపోతుంది. కణాలు ఉబ్బి, చాలావరకు మూలుగలోనే చచ్చిపోతాయి. సీబీసీ అనే రక్తపరీక్ష రిపోర్టులో ఎంసీవీ, అంటే ఎర్రకణాల సగటు సైజు, 100 దాటితే డాక్టర్లు ముందు అనుమానించే వాటిలో ఇదొకటి. ఐరన్ లోపంలోనైతే అది 80 కిందికి పడుతుంది.

బొంబాయి గర్భిణుల్లో ఇలాంటి రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతోందని ఇంగ్లండు డాక్టరు లూసీ విల్స్ 1931లో ప్రచురించారు. అందులో పనిచేసింది ఫోలేటే. దాని మందు రూపమే ఫోలిక్ యాసిడ్. దాన్ని 1945లో అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన ఇద్దరు అన్నదమ్ములని పొట్టనబెట్టుకున్న స్ప్రూ అనే పేగుల జబ్బులో ఒంటికి పట్టనిదీ ఈ ఫోలేటే.

ఒక జాగ్రత్త. బీ12 లోపం ఉన్నవాళ్లు ఒక్క ఫోలిక్ యాసిడే మింగితే రక్తం మెరుగుపడినట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం లోలోపల పాడవుతూనే ఉంటాయి. బీ12 మొక్కల్లో దొరకదు. కాబట్టి శాకాహారులు, ముఖ్యంగా పాలు, పెరుగు కూడా ముట్టనివాళ్లు, అరికాళ్లలో తిమ్మిర్లుంటే డాక్టరుకి చెప్పి బీ12 పరీక్ష చేయించుకోండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.