గిర్ని తవుడు ఎవరికి?

సభకు వచ్చిన అందరికీ నమస్కారం. ఊళ్లలోని పాత గిర్నీల గురించి, అంటే వడ్లు పట్టే మిల్లుల గురించి, వాటి యజమానుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. యజమాని పేరు బోర్డు మీద ఉంటుంది, ఎవరైనా చదువుకోవచ్చు. నేను తవుడు లెక్క చెప్తాను. తవుడు ఎవరింటికి పోయిందో పట్టుకుంటే గిర్ని ఎవరి కోసం తిరిగిందో తెలిసిపోతుంది.

గిర్ని రాకముందు మన నల్లగొండ పల్లెల్లో రోలూ రోకలే మిల్లు. దంచేది ఆడవాళ్లు. సొంత వడ్లు దంచుకుంటే తవుడు ఇంటి బర్రెకే. కూలికి దంచితే ఇన్ని నూకలో, ఇంత తవుడో కొంగులో పడేది. దొర ఉండే గడీలో దంచితే మాత్రం ఏమీ లేదు, అది వెట్టి.

తర్వాత ఆయిల్ ఇంజన్ వచ్చింది. పెట్టుబడి ఉన్నవాళ్లే పెట్టగలిగారు: ఒక ఊళ్లో దొర, ఇంకో ఊళ్లో షావుకారు. ఆ ఇంజన్‌తో తిరిగే వడ్ల మిషన్, అదే హల్లర్, దాని పక్కన నిలబడి వడ్లు పట్టించుకున్నవాళ్లు ఈ సభలో ఇంకా ఉన్నారు, నేను చెప్పేది వాళ్లకు కొత్త కాదు. పైన డబ్బాలో వడ్లు పోస్తారు. లోపల గాడులున్న ఇనుప రోలర్ గిర్రున తిరుగుతుంది, దాన్ని ఆనుకుని ఒక ఇనుప పట్టీ. ఆ సందు బిగిస్తే బియ్యం తెల్లగా వస్తాయి కానీ నూక అవుతాయి. వదులు చేస్తే వడ్లు మిగిలిపోతాయి. అందుకే సంచి తెచ్చిన ఆమె గిర్ని ఆయన చెయ్యి మీద నుంచి కన్ను తీయదు. "అన్నా, జర చూసి పట్టు, నూక చేయకు" అంటూనే ఉంటుంది. కింద జల్లెడలోంచి ఊకా తవుడూ కలిసే పడతాయి. చాలాచోట్ల ఆ తవుడు గిర్నికే వదిలేస్తే పట్టుడు పైసలు తగ్గించేవారు.

దంపుడు కష్టం తప్పింది, మంచిదే. కానీ దంచి బతికే ఆడవాళ్ల కూలి కూడా దాంతోనే పోయింది. ఊరి చరిత్రలు రాసేవాళ్లు ఈ మాట దాటేస్తారెందుకో.

అసలు మలుపు 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ నీళ్లు వదలడం. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు వరి పెరిగింది, దాని వెనకే పెద్ద మిల్లులు లేచాయి. నీటి చక్రం లేకపోయినా వీటిని తిప్పింది నీళ్లే అంటాను నేను. ముందు ఊకను మాత్రమే ఒలిచే రబ్బరు రోలర్లు రావడంతో ఊక వేరు, తవుడు వేరు అయింది. శుభ్రమైన తవుడులో నూనె ఉంటుంది కదా, బర్రె తినేది కాస్తా లారీలెక్కి నూనె ఫ్యాక్టరీకి పోయింది.

ఇప్పుడు ప్రభుత్వం కొన్న వడ్లను మిల్లు ఆడించి క్వింటాలుకు 67 కిలోల పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి ఇవ్వాలి. తవుడు, ఊక, నూకలు మిల్లువాళ్లవే. ఆడింపు కూలి గిట్టుబాటు కాదని మిల్లుల తరఫున ఎవరైనా అన్నప్పుడల్లా నేను అడిగేది ఒక్కటే: ఈ ఏడాది తవుడు ఏ రేటుకు పోయింది?