పైన్ నారు పడిపోతోంది, ఏం చేయాలి?

యాంకర్: తర్వాతి కాలర్ లైన్లో ఉన్నారు. నమస్కారమండీ, ఎక్కడి నుంచి?

కాలర్: నమస్తే మేడమ్, చింతపల్లి దగ్గర నుంచి. పైన్ నారు గురించి సార్‌ని అడగాలి.

యాంకర్: మీ రేడియో సౌండ్ కాస్త తగ్గించండి... ఆ, ఇప్పుడు చెప్పండి.

కాలర్: సార్, పైన్ విత్తనాలు తెచ్చి ట్రేలో చల్లాను. బాగానే మొలిచాయి. ఇప్పుడు రోజూ పొద్దున లేచి చూస్తే నాలుగైదు పడిపోయి ఉంటున్నాయి. పురుగేమీ కనపడట్లేదు.

నిపుణుడు: పడిన మొక్క మొదలు చూశారా? మట్టికి ఆనుకున్న చోట?

కాలర్: అక్కడ దారంలా సన్నబడి, గోధుమ రంగులోకి వచ్చింది. పైన ఆకు మాత్రం పచ్చగానే ఉంది సార్.

నిపుణుడు: అయితే నారుకుళ్లే. మిరప నారులో చూసే ఉంటారు. మట్టిలో ఉండే బూజు వల్ల వస్తుంది. నీళ్లు ఎప్పుడెప్పుడు పోస్తున్నారు?

కాలర్: రెండు పూటలా. ఎండిపోతాయేమోనని టెన్షన్.

నిపుణుడు: సాయంత్రం తడి ఇవాళ్టి నుంచే ఆపేయండి. మీ దగ్గర రాత్రిళ్లు చలి, మంచు. పోసిన నీళ్లు తెల్లారేదాకా ఆరవు. పొద్దున వేలితో తాకి చూడండి, పైమట్టి పొడిగా ఉంటేనే పోయండి. పడినవాటిని చుట్టూ ఉన్న మట్టితో సహా తీసి దూరంగా పారేయండి, అవి ఎలాగూ బతకవు. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజు మందు కలిపి మిగతావాటి మొదళ్లు తడిసేలా పోయండి. నారు ఒత్తుగా ఉంటే పలచన చేయండి, గాలి ఆడాలి.

కాలర్: అలాగే సార్. ఇంకొకటి. పోయినేడు కవర్లలో పెట్టినవి ఉన్నాయి. చావట్లేదు, ఎదగట్లేదు. పసుపుపచ్చగా ఉన్నాయి. యూరియా వేయమంటారా?

నిపుణుడు: వద్దు, వద్దు. ఏ మట్టి నింపారు?

కాలర్: ఎర్రమట్టి, పశువుల ఎరువు.

నిపుణుడు: అక్కడే వచ్చింది చిక్కు. పైన్ వేరుకు ఒక రకం మేలు చేసే బూజు తోడుండాలి. అది అల్లుకుంటేనే మొక్కకు భాస్వరం సరిగా అందుతుంది. పైన్ చెట్లు లేని దేశాల్లో మొదట నర్సరీలు పెట్టినప్పుడు నారంతా ఇలాగే గిడసబారిపోయేది. పైన్ అడవి మట్టి తెచ్చి కలిపాకే అందుకుంది. మీకు దగ్గర్లో పెద్ద పైన్ చెట్లు ఉన్నాయిగా?

కాలర్: లంబసింగి వైపు ఉన్నాయి సార్.

నిపుణుడు: అడిగి, ఆ చెట్ల కింద రాలిన ఆకు పక్కకు జరిపి, పైపై మట్టి కొంచెం తెచ్చుకోండి. కవరుకు ఒక గుప్పెడు వేరు దగ్గర పడేలా వేయండి. కొన్ని నెలల తర్వాత ఒక మొక్క తీసి చూస్తే సన్నవేళ్ల చివర్లు రెండేసిగా చీలి కనపడతాయి, పట్టిందన్నమాట. మొలకల ట్రేలో మాత్రం ఆ మట్టి వేయొద్దు. దాంతోపాటు చెడ్డ బూజూ రావచ్చు, పైగా అక్కడ మందు పోస్తున్నారు.

కాలర్: ఎప్పుడు నాటాలి సార్? కాఫీ తోటలో వేద్దామని.

నిపుణుడు: తొలకరి బాగా పడ్డాక. కవరు అడుగున వేళ్లు చుట్టలు తిరిగి ఉంటే కత్తిరించండి, తల్లివేరు పైకి మడత పడకూడదు. కానీ కాఫీ మధ్యలో వద్దండీ. ఎండు పైన్ ఆకుకు నిప్పు ఇట్టే అంటుకుంటుంది. నీడకు సిల్వర్ ఓక్ ఉండనే ఉంది, పైన్ విడిగా ఓ మూలన వేసుకోండి.

యాంకర్: హైదరాబాద్ నుంచి ఇంకొకరు. చెప్పండమ్మా.

కాలర్: మా హాల్లో క్రిస్మస్ చెట్టు కుండీ ఉంది సార్, పైన్ మొక్కే. కింది కొమ్మలు ఎండిపోతున్నాయి. పైన కత్తిరిస్తే గుబురుగా వస్తుందా?

నిపుణుడు: కొమ్మలు అంతస్తుల్లా, చుట్టూ ఒకే ఎత్తులో వచ్చాయా?

కాలర్: అవును సార్.

నిపుణుడు: అయితే అది పైన్ కాదమ్మా, అరకేరియా. పైన్ ఆకులు రెండో మూడో కలిసి గుత్తిగా వస్తాయి. అరకేరియా కొన కత్తిరిస్తే చెట్టు ఆకారం చెడిపోతుంది, కత్తెర పెట్టొద్దు. ఏసీ గాలి తగలకుండా బాల్కనీలో, పొద్దుటెండ పడే చోట పెట్టండి. ఎండిన కొమ్మలు మళ్లీ చిగురించవు, వాటిని మొదలుకంటా తీసేయండి.