మ్యాప్‌లో సగం మీ కోసమే వదిలాను
(నల్లగొండలో కొత్త క్యాంపెయిన్ మొదలుపెట్టే ముందు ఆటగాళ్లతో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. సెలవు రోజు పనులు పక్కనపెట్టి వచ్చారు. సూర్యాపేట నుంచి, దేవరకొండ నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లున్నారు. మహబూబ్‌నగర్ నుంచి కూడా వచ్చారు. అందుకని అడగాల్సింది ముందే అడిగేస్తాను. నేను గేమ్ మాస్టర్‌గా, అంటే ఆటలో కథ నడిపించేవాడిగా, ఒక పెద్ద క్యాంపెయిన్ నడపబోతున్నాను. క్యాంపెయిన్ అంటే చాలా రోజులు సాగే ఒకే కథ. అది జరిగే లోకాన్ని మీరూ నాతో కలిసి కట్టాలి.

కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. టేబుల్ చుట్టూ కూర్చొని, తలా ఒక పాత్ర తీసుకొని, నోటితో కథ నడిపే ఆట ఇది. మీ పాత్ర ఏం చేస్తుందో మీరు చెబుతారు. అది నెగ్గుతుందా లేదా అన్న అనుమానం వస్తే పాచిక వేస్తాం, ఎక్కువసార్లు ఇరవై ముఖాల పాచిక. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్ల పేర్లతో ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ అచ్చయింది. మొదటి ముద్రణ వెయ్యి ప్రతులే. అంతకుముందు నుంచే ఆర్నెసన్ తన స్నేహితులతో బ్లాక్‌మూర్ అనే ఊహాసీమలో ఆడుతుండేవాడు. అంటే పుస్తకం కంటే ముందు లోకం పుట్టింది, అదీ ఆడేవాళ్ల మధ్య పుట్టింది. నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది.

మామూలుగా ఏం జరుగుతుందంటే, గేమ్ మాస్టర్ ఒక్కడే రాత్రిళ్లు కూర్చొని అన్నీ రాసేస్తాడు. రాజుల వంశాలు, దేవతల పేర్లు, పాత యుద్ధాలు. మొదటి రోజు అదంతా చదివి వినిపిస్తే అందరూ తలూపుతారు. వచ్చే వారానికి రాజు పేరు కూడా గుర్తుండదు. అందులో ఆటగాళ్ల తప్పేమీ లేదు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకు ఏ అరలో ఏముందో ఎందుకు తెలుస్తుంది?

మొన్న ఎండాకాలం నలుగురితో ఆడిన చిన్న ఆట గురించి చెబుతాను. ఒకమ్మాయి చెరువు నీళ్లు పొలాలకు వదిలే నీరటి పాత్ర తీసుకుంది. “తూము తెరిచేటప్పుడు మీ ఊళ్లో ఆచారం ఏంటి?” అని అడిగాను. నా దగ్గర జవాబేమీ రాసి లేదు. ఆమె కాసేపు ఆలోచించి, “తూము తెరిచినవాళ్లు నీళ్లు చివరి మడికి చేరేదాకా నోరు విప్పకూడదు” అంది. బాగుందని రాసుకొని ముందుకెళ్లాం. గంట తర్వాత కథలో దొంగలు కట్ట ఎక్కి వస్తున్నారు. వాళ్లను ముందు చూసింది ఆమే. నీళ్లు ఇంకా చివరి మడికి చేరలేదు. అరిస్తే ఊరి నమ్మకం పోతుంది, అరవకపోతే ఊరే పోతుంది. టేబుల్ దగ్గర అందరికీ టెన్షన్. “పార తీసి తూము రాయి మీద మూడు దెబ్బలు కొడతాను” అని పాచిక వేసింది. పదిహేడు పడింది. ఊరు లేచింది. ఆ రోజు నుంచి ఆ ఆటలో ఎక్కడ రాయి మీద మూడు దెబ్బలు వినిపించినా జనం కర్రలు పట్టుకొని బయటికి వస్తారు.

ఇలాంటిది నేనొక్కడినే ఎన్ని రాత్రిళ్లు కూర్చున్నా రాయలేను. ఆ ఒక్క ఆచారాన్ని మిగతా ముగ్గురూ ఈరోజుకీ మర్చిపోలేదు. అందుకే ఈసారి మ్యాప్‌లో సగం ఖాళీగా తెచ్చాను. నది ఒకటి గీశాను, గుట్టలు పెట్టాను, ఒకదాని కింద ఒకటిగా గొలుసుకట్టు చెరువులు పెట్టాను. ఊళ్లు, దారులు, జాతరలు, పాత కక్షలు మీవి.

కోటలు, మంచుకొండలు, డ్రాగన్లు తప్ప ఇంకేవీ ఈ ఆటకు పనికిరావని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. ఇక్కడికి దగ్గర్లోనే పానగల్లు ఉంది. ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పగలంతా నీడ నిలిచే ఉంటుంది. చూసినవాళ్లు చాలామందే ఉంటారు మీలో. నీడ కదలని గుడి చుట్టూ ఒక ఊరు పెరిగితే, ఆ ఊళ్లో పొద్దును ఎవరు లెక్కపెడతారు? ఆ నీడ ఒకనాడు జరిగితే ముందు ఎవరి గుండె ఆగుతుంది? ఆ ఒక్క ప్రశ్నతో ఒక నెల ఆట నడుస్తుంది.

నాగార్జునసాగర్ సంగతి చూడండి. 1955 డిసెంబర్ 10న నందికొండ దగ్గర నెహ్రూ డ్యామ్‌కు శంకుస్థాపన చేశారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ మునిగిపోబోతోంది. ఆ లోపే తవ్వకాలు జరిపారు. కొన్ని కట్టడాలను విప్పి గుట్ట మీదికి చేర్చి మళ్లీ నిలబెట్టారు. ఆ గుట్టే ఇవాళ మనం లాంచీలో వెళ్లి చూసే దీవి. ఇప్పుడు మన ఆటలోకి రండి. మీ పాత్ర ఊరు మునగబోతోంది. బండిలో పట్టేది కొంచెమే. ఊరంతా కూర్చొని ఏది తీసుకెళ్లాలో తేల్చుకోవాలి. గ్రామదేవత రాయా, విత్తనాలా, పంచాయతీ రాతలా? ఎవరిది వదిలేస్తారు? తమది వదిలేయాల్సి వచ్చినవాళ్లు పదేళ్ల తర్వాత ఎదురుపడితే? దీనికంటే పెద్ద డ్రాగన్ నాకు అక్కర్లేదు.

పాలమూరు మిత్రులకు ప్రత్యేకంగా ఒక మాట. పనికోసం దేశమంతా తిరిగి ప్రాజెక్టులు కట్టిన జట్ల కథలు మీ ఇళ్లలో విని ఉంటారు. ఏ ఊరికీ చెందకుండా అన్ని దారులూ తెలిసిన ఒక జట్టు నా మ్యాప్‌కు కావాలి. వాళ్ల లెక్కలు, పాటలు, మేస్త్రీతో పేచీలు మీరు రాస్తేనే సరిగ్గా కుదురుతుంది.

అయితే ఒక జాగ్రత్త. ఇక్కడ ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయినవాళ్లను మనం దగ్గర నుంచి చూశాం. దాన్ని మంత్రగత్తె శాపం చేసి నలుగురిలో ఆడటం నాకు ఇష్టం లేదు. ఆ బాధ అనుభవించిన ఇంటి నుంచి వచ్చినవాళ్లు తామే దాని గురించి చెప్పాలనుకుంటే వింటాం, వాళ్లు చెప్పినట్టే ఆడతాం. కులం పేర్లు పెట్టి జాతులు సృష్టించడం అసలు కుదరదు. ఇంకేమైనా టేబుల్ మీదికి రావద్దనుకుంటే చీటీ మీద రాసి ఇవ్వండి, కారణం చెప్పక్కర్లేదు. పాచికలు ముట్టని మొదటి సెషన్ పెట్టేది ఇందుకే.

మరి ఒకరు పెట్టినదాన్ని ఇంకొకరు చెడగొడితే? సూర్యాపేట దగ్గరి పెద్దగట్టు జాతరకు దేవరపెట్టె, అంటే దేవుళ్ల విగ్రహాలుండే పెట్టె, కేసారం ఊరి నుంచే రావాలి. ఎన్ని లక్షల మంది వచ్చినా కేసారం వంతు కేసారానిదే. మన దగ్గరా అంతే. మీరు పెట్టిన ఊరి గురించి మొదటి మాట మీది. ఇంకొకరు దానికి ఒక వీధి కలపొచ్చు, ఒక గొడవ తేవచ్చు, కానీ మిమ్మల్ని అడగకుండా ఊరిని తుడిచేయలేరు. నేను కూడా తుడిచేయలేను. ఇద్దరు చెప్పినవి పొసగకపోతే కొట్టివేయం. రెండూ ఆ లోకంలో జనం చెప్పుకునే మాటలవుతాయి. ఏది నిజమో ఆడుతూ తెలుసుకుంటాం.

కొన్ని రహస్యాలు మాత్రం నా దగ్గరే ఉంటాయి. నది ఎందుకు ఎండుతోందో ఇప్పుడు చెప్పను. అన్నీ ముందే తెలిస్తే వెతుక్కోవడానికి ఏం మిగులుతుంది?

మీరు తేవాల్సింది పెద్దగా ఏమీ లేదు. అర పేజీ చాలు. మీ పాత్ర పుట్టిన చోటు, అక్కడ ఎవరూ తప్పని ఒక ఆచారం, మీ పాత్ర ముఖం చాటేసే ఒక మనిషి. చివరిది మర్చిపోకండి, నాకు అన్నిటికంటే పనికొచ్చేది అదే. రాయడం అలవాటు లేనివాళ్లు నోటితో చెప్పండి, నేను రాసుకుంటాను. అచ్చతెలుగులో ఉండాలనీ లేదు, ఇంట్లో మాట్లాడినట్టే చెప్పండి.

చార్టు ఇదిగో, గోడకు అంటించాను. పెన్సిళ్లు టేబుల్ మీద ఉన్నాయి. ఆ చివర కిటికీ పక్కన కూర్చున్నవాళ్ల నుంచి మొదలుపెడదాం. మీ పాత్ర ఊరు నదికి ఏ ఒడ్డున ఉంది? తాగే నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకుంటారు?