ఓటు లేనివాళ్ల మాస్టారు
(విశ్రాంత ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగం)

సభాధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, బడిలోనే తలలు నెరిసిన మీ అందరికీ నమస్కారం.

2027లో జరగాల్సిన ఉభయ గోదావరి ఉపాధ్యాయ ఎమ్మెల్సీ ఎన్నికకు మన మాస్టార్ని నిలబెడదామని కొందరు మిత్రులు గట్టిగా పట్టుబడుతున్నారు. ఆయన ఔననలేదు, కాదనలేదు. ఇవాళ సభకు రాలేదు కాబట్టి ఆయన గురించి మొహమాటం లేకుండా మాట్లాడే వీలు నాకు దొరికింది.

ముందు చట్టం సంగతి చూద్దాం. మన శాసనమండలి 1958లో ఏర్పడింది. 1985లో రద్దయింది, 2007లో మళ్లీ వచ్చింది. ఇప్పుడున్న 58 స్థానాల్లో ఉపాధ్యాయులవి అయిదు. రాజ్యాంగం 171వ అధికరణ ప్రకారం హైస్కూలు, ఆపై స్థాయి విద్యాసంస్థల్లో పనిచేసేవాళ్లకే ఇందులో ఓటు. అంటే ఒకటో తరగతి పిల్లాడి చెయ్యి పట్టుకుని అక్షరం దిద్దించే ఎస్జీటీకి, అంటే సెకండరీ గ్రేడ్ టీచరుకు, ఈ ఉపాధ్యాయ నియోజకవర్గంలో ఓటు లేదు. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడని విషయం. పునాది వేసేవాడు ఉపాధ్యాయుడు కాకపోతే మరెవరు?

మన విషయానికొస్తే, ఓటర్ల జాబితా తయారుచేసే ఏడాది నవంబరు 1కి ముందు ఆరేళ్లలో మొత్తం మూడేళ్లు పాఠం చెప్పినవాళ్లు ఓటరుగా చేరవచ్చు. కాబట్టి రిటైరై మూడేళ్లు దాటనివాళ్లకు ఓటుంటుంది. మాస్టారు రిటైరై అంతకంటే ఎక్కువే అయింది. ఆయన పోటీ చేయొచ్చు, గెలవొచ్చు, తన ఓటు మాత్రం తనకు వేసుకోలేరు. అసలు అభ్యర్థి ఉపాధ్యాయుడే అయి ఉండాలన్న షరతే లేదు. పట్టభద్రుల స్థానానికి నిలబడేవాడు పట్టభద్రుడు కానక్కర్లేదని సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది. ముప్పై ఏళ్లు నిండి, రాష్ట్రంలో ఎక్కడో ఒకచోట అసెంబ్లీ ఓటరైతే చాలు. పది మంది ఓటర్లు ప్రతిపాదించాలి, పదివేలు డిపాజిట్టు కట్టాలి. ఎస్సీ, ఎస్టీలకు అందులో సగం. ఎమ్మెల్యే ఎన్నికల్లో ఉన్నట్టు ఇందులో ఖర్చుకు పరిమితి కూడా లేదు. దాంతో డబ్బున్నవాళ్ల చూపు ఈ స్థానాల మీద పడుతోంది. మనం జాగ్రత్తపడాల్సింది ఇక్కడే.

అయితే మాస్టారే ఎందుకు? రిటైరైన మర్నాటి నుంచి ఆయన ఏం చేస్తున్నారో నేను దగ్గరుండి చూశాను. పింఛనుదార్లు ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా. ఎనభై ఏళ్లు దాటినవాళ్ల వేలిముద్రలు అరిగిపోయి ఉంటాయి. వేలు పెట్టినప్పుడల్లా మిషను కాదంటుంది. బతికి ఉన్న మనిషి తాను బతికే ఉన్నానని నిరూపించుకోలేక బిక్కమొహం వేసుకుని కూర్చుంటాడు. మాస్టారు తడిగుడ్డతో ఆ వేళ్లు ఒక్కొక్కటీ తుడిచి, కాసేపు ఆరనిచ్చి, మళ్లీ పెట్టిస్తారు. అప్పటికీ పడకపోతే ఫోను తీసి, దానికి వాళ్ల మొహం చూపించి పని పూర్తిచేస్తారు. మంచం మీంచి లేవలేనివాళ్ల ఇంటికి తానే వెళతారు. వాళ్లలో ఉపాధ్యాయులూ ఉన్నారు, అటెండర్లూ ఉన్నారు, భర్త పోయాక కుటుంబ పింఛను మీద బతికే అమ్మలూ ఉన్నారు. ఎవరి దగ్గరా కాఫీ కూడా తాగరు. సాయంత్రం ఆయన అరుగు మీద పదో తరగతి తప్పినవాళ్లకు లెక్కలు చెబుతారు.

ఇందులో ఒక్కరికీ ఆయనకు ఓటేసే అవకాశం లేదు. ఆయన్ని నేను కోరుకోవడానికి కారణం కూడా అదే.

షేక్ సాబ్జీ గారిని మీరు మరిచిపోయి ఉండరు. 2021లో ఈ స్థానం నుంచే గెలిచిన, యూటీఎఫ్ అనే ఉపాధ్యాయ సంఘం నాయకుడు. 2023 డిసెంబరులో అంగన్‌వాడీలు సమ్మె మొదలుపెడితే, వాళ్ల శిబిరాలకు వెళ్లి అండగా నిలబడ్డారు. ఆ పనిమీదే ఏలూరు నుంచి భీమవరం వెళుతూ డిసెంబరు 15న ఉండి మండలం చెరుకువాడ దగ్గర కారు ప్రమాదంలో కన్నుమూశారు. అంగన్‌వాడీ టీచర్లకూ ఈ స్థానంలో ఓటు లేదు. ఓట్ల లెక్క చూసుకునేవాడైతే ఆ రోజు ఆ దారిలో ఉండేవారు కాదు. ఆ వార్త విన్న పూట మా ఇంట్లో ఎవరం అన్నం తినలేదు.

తెలంగాణలో చుక్కా రామయ్య గారి సంగతీ తెలిసిందే. రిటైరయ్యాక హైదరాబాదు నల్లకుంటలో ఐఐటీ పాఠాలు చెప్పి పేరు తెచ్చుకున్నారు. 2007లో మండలి తిరిగి వచ్చినప్పుడు వరంగల్, ఖమ్మం, నల్గొండ ఉపాధ్యాయులు ఆయన్ని సభకు పంపారు. ఉద్యోగం అయిపోయింది కదా అని మాస్టారి పని అయిపోదని ఆ ఓటర్లకు తెలుసు.

ఇక మన పని. ఈ ఎన్నికకు ఓటర్ల జాబితా ప్రతిసారీ కొత్తగా తయారవుతుంది. పోయినసారి ఓటేశాం కదా అనుకుంటే కుదరదు, ఓటరుగా చేరే దరఖాస్తు ఫారం 19 మళ్లీ నింపాల్సిందే. సర్కారు బడివాళ్లకు పెద్ద ఇబ్బంది లేదు. చిక్కంతా ప్రైవేటు హైస్కూళ్లలో పనిచేసే అమ్మాయిలకు, అబ్బాయిలకు. వాళ్లలో చాలామందికి నియామక పత్రం ఉండదు, జీతం రసీదు ఉండదు. సంస్థ అధిపతి ధ్రువీకరించి సంతకం పెడితేనే దరఖాస్తు చెల్లుతుంది. కొందరు యాజమాన్యాలు ఆ సంతకానికి వెనకాడతాయి. పాఠం చెప్పినట్టు కాగితం మీద ఒప్పుకుంటే రేపు జీతం అడుగుతారని భయం. ఆ పిల్లల తరఫున వెళ్లి అడగడానికి నెరిసిన తల ఒకటి పక్కనుంటే మాట చెల్లుతుంది. వాళ్ల ఓటు ఎవరికైనా పడనివ్వండి, ముందు జాబితాలో పేరు ఎక్కాలి.

ఇంకొక మాట. బ్యాలెట్ మీద మన ప్రాధాన్యం చెబుతూ 1, 2 అని అంకె వేయాలి, టిక్కు పెట్టకూడదు, సంతకం చేయకూడదు. అక్కడిచ్చిన పెన్నే వాడాలి. చదువు చెప్పేవాళ్ల ఓట్లే చెల్లకుండా పోతుంటే చూడలేకపోతున్నాను. దయచేసి మీ పాత సహోద్యోగులకు ఇది చెప్పండి.

మాస్టారి దగ్గరికి మనం వెళ్లేది ఈ పని కొంత అయ్యాకే. వట్టి చేతులతో వెళ్లి నిలబడమంటే ఆయన ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. మండలానికి ఇద్దరు చొప్పున పేర్లు కావాలి. కార్యదర్శి గారి దగ్గర పుస్తకం ఉంది. మా మండలానికి మొదటి పేరు నాది రాసుకోండి.