కడుపుతో ఉన్నప్పుడు షుగర్: తప్పంతా మలై కాజాదేనా?

యాంకర్: నమస్తే. ఈ రోజు మనతో నెల్లూరులో కాన్పులు చూసే డాక్టర్ గారు ఉన్నారు. మేడమ్, నేరుగా విషయానికొస్తా. మా కావలి వైపు కడుపుతో ఉన్న పిల్లకు టెస్టులో షుగర్ అని వస్తే చాలు, ఇంట్లో మొదటి మాట, "మలై కాజాలు తినొద్దంటే విన్నావా?" నిజంగా కాజాదేనా తప్పు?

డాక్టర్: (నవ్వు) కాజాను నేను వెనకేసుకురాను గానీ, ఆ పిల్లను తిట్టడం మాత్రం అన్యాయం. నెలలు నిండేకొద్దీ ప్రతి గర్భిణికీ ఇన్సులిన్ పనితనం దాదాపు సగానికి పడిపోతుంది. బిడ్డకు గ్లూకోజ్ బాగా అందాలని శరీరమే చేసుకునే ఏర్పాటు అది. చాలామందిలో క్లోమం ఇన్సులిన్ ఎక్కువగా తయారుచేసి సర్దేస్తుంది. అలా సర్దలేకపోయిన వాళ్లకే షుగర్ బయటపడుతుంది.

యాంకర్: మరి ఆ పనితనాన్ని తగ్గించేదెవరు?

డాక్టర్: ఎక్కువగా మాయ, అంటే కడుపులో బిడ్డకు ఆహారం అందించే ప్లాసెంటా. మేం చదువుకునేటప్పుడు మాయ వదిలే హార్మోన్లే కారణమని చెప్పేవారు. 2002లో అమెరికాలో కిర్వాన్, కాటలానో అనే పరిశోధకుల బృందం కొందరు ఆడవాళ్లను గర్భం రాకముందు నుంచీ చివరి నెలల దాకా గమనించింది. వాళ్లు చూసిన హార్మోన్లకన్నా టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అనే పదార్థంలో వచ్చిన మార్పే ఇన్సులిన్ పనితనం తగ్గడంతో గట్టిగా కలిసింది. దెబ్బ తగిలినా, ఇన్ఫెక్షన్ వచ్చినా వాపు, అంటే ఇన్‌ఫ్లమేషన్, పుట్టించే సంకేతాల్లో అదొకటి. కొవ్వు కణాలూ దాన్ని వదులుతాయి, మాయా వదులుతుంది. అది చిన్న అధ్యయనమే. దాన్ని చూసి హార్మోన్లను కొట్టిపారేయకూడదు.

యాంకర్: వాపు సంకేతానికీ షుగర్‌కీ ఏం సంబంధం? అక్కడే నాకు అర్థం కావట్లేదు.

డాక్టర్: మీది కాలువ కింద సేద్యమే కదా. సోమశిల నుంచి నీళ్లు వదిలారు, పైనుంచి ఆర్డరూ వచ్చింది. కానీ తూము దగ్గర కాపలా ఉండే లస్కర్ షట్టర్ ఎత్తలేదు. పొలం తడుస్తుందా?

యాంకర్: తడవదు. కాలువ మాత్రం పొంగుతుంది.

డాక్టర్: అంతే. కాలువంటే రక్తం, పొలమంటే కండరం, ఆర్డర్ ఇన్సులిన్. కండర కణం లోపల ఆ ఆర్డర్‌ను అందుకునే ప్రొటీన్ ఐఆర్‌ఎస్-1. మన లస్కర్ అనుకోండి. ఇన్సులిన్ వచ్చినప్పుడు దాని మీద టైరోసిన్ అనే చోట ఫాస్ఫేట్ చేరాలి. అప్పుడే గ్లట్-4 అనే ద్వారాలు కణం పైకొచ్చి గ్లూకోజ్‌ను లోపలికి లాగుతాయి. టీఎన్‌ఎఫ్ లేపే జేఎన్‌కే, ఐకేకే అనే ఎంజైములు ఫాస్ఫేట్‌ను తీసుకెళ్లి సెరిన్ అనే ఇంకో చోట అంటిస్తాయి. దాంతో లస్కర్ కదలడు. ఇన్సులిన్ ఉంటుంది, గ్లూకోజ్ ఉంటుంది, పని జరగదు.

యాంకర్: అయితే వాపు తగ్గే మాత్ర వేసుకుంటే సరిపోదా?

డాక్టర్: అమ్మో, ఆ పని చేయొద్దు! మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి 20 వారాలు దాటాక బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీయొచ్చు. ఇది జ్వరంలా బయటకు కనబడే వాపు కూడా కాదు. ఒంట్లో వాపును రక్తంలో చూసే సీఆర్‌పీ టెస్టు చేయించమని కొందరు అడుగుతుంటారు. ఈ షుగర్‌కు వైద్యం చేయడానికి దానితో పనిలేదు.

యాంకర్: మరి మా చేతిలో ఏముంది?

డాక్టర్: నడక. నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి ఇదే. కండరం కదిలినప్పుడు గ్లట్-4 పైకి రావడానికి లస్కర్‌తో పనే లేదు, ఆ దారి వేరు. అందుకే డాక్టర్ నడవొద్దని చెప్పకపోతే అన్నం తిన్నాక పది, పదిహేను నిమిషాలు నడవమంటాం. మనవాళ్లేమో వెంటనే పడుకోబెడతారు.

యాంకర్: అన్నం మానేయాలా?

డాక్టర్: నెల్లూరులో ఉండి ఆ మాట ఎలా అంటానమ్మా? అన్నం తగ్గించి పప్పు, కూర, చేప పెంచండి. రాగి జావ మంచిదని గ్లాసులకు గ్లాసులు తాగిస్తుంటారు. పల్చగా కాస్తే దాంతోనూ షుగర్ త్వరగానే ఎక్కుతుంది.

యాంకర్: వీటితో తగ్గకపోతే ఇన్సులిన్ సూది. దానికి ఇంటిల్లిపాదికీ టెన్షన్.

డాక్టర్: సూదితో ఇచ్చే ఇన్సులిన్ మాయ దాటి బిడ్డ దాకా దాదాపు పోదు. గ్లూకోజ్ పోతుంది. దాన్ని తట్టుకోవడానికి బిడ్డ క్లోమం ఇన్సులిన్ ఎక్కువ చేస్తుంది, బిడ్డ లావెక్కుతుంది. పుట్టగానే తల్లి గ్లూకోజ్ ఆగిపోయి బిడ్డకు షుగర్ పడిపోతుంది. భయపడాల్సింది దానికి. అందుకే 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చూసే టెస్టు మొదటిసారి వచ్చినప్పుడే చేస్తాం. బాగుంటే 24, 28 వారాల మధ్య మళ్లీ చేస్తాం. 140 గానీ ఆపైన గానీ వస్తే షుగర్ ఉన్నట్టే.

యాంకర్: కాన్పయ్యాక పోతుంది కదా?

డాక్టర్: మాయ బయటపడ్డాక చాలామందికి మామూలవుతుంది. అందుకే ఎవరూ మళ్లీ రారు. ఆరు వారాలకు ఇంకోసారి గ్లూకోజ్ టెస్టు చేయించాలి. వీళ్లకు తర్వాత టైప్-2 షుగర్ వచ్చే అవకాశం మిగతావాళ్ల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

యాంకర్: అప్పటికి పిల్ల పుట్టింట్లో ఉంటుంది. ఫైలేమో అత్తగారింట్లో.

డాక్టర్: ఫైలు ఫొటోలు ఫోన్‌లో పెట్టుకోమనండి. సరిగ్గా ఆరు వారాలకే బిడ్డకు టీకా ఉంటుంది. దాని కోసం ఎలాగూ బయలుదేరతారు. ఏఎన్‌ఎమ్‌తో ముందే మాట్లాడుకుని తల్లి టెస్టు కూడా ఆ వారంలోనే పెట్టించుకుంటే సరి.