టమాటా ఎర్రబడేది ఎండకు కాదు

అందరికీ నమస్కారం.

పెరట్లో టమాటా వేసినవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నతోనే మొదలుపెడతాను. కాయలు గుత్తులుగా దిగాయి, సైజూ వచ్చింది, వారాలు గడిచినా పచ్చగానే ఉన్నాయి. ఏం చేయాలి? చాలామంది కాయకు ఎండ తగలాలని చుట్టూ ఉన్న ఆకులు తుంచేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. కాయ పండటానికి వెలుతురు అక్కర్లేదు, చీకటి గదిలోనూ పండుతుంది. దానికి కావలసింది తగిన వేడి, నిండిన వయసు. ఆకులు తీసేస్తే పండుకు తీపినిచ్చే చక్కెర ఎక్కడ తయారవుతుంది? పైగా నేరుగా ఎండ పడిన చోట కాయ తెల్లగా పాలిపోయి, తర్వాత తోలు కాగితంలా పలచబడి కుళ్లుతుంది. నేలకు తగిలే ఆకులు, మచ్చలొచ్చిన ఆకులు మాత్రమే తీయండి.

పిందె కట్టాక పండు కావడానికి రకాన్నిబట్టి, వాతావరణాన్నిబట్టి సుమారు ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఇందులో ఎక్కువ కాలం కాయ ఊరడానికే పోతుంది. ఆ తర్వాతే లోపల ఇథిలీన్ వాయువు పుట్టి, పచ్చదనం విరిగి, లైకోపీన్ అనే ఎర్ర రంగు పట్టడం మొదలవుతుంది. దీనికి 20 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ బాగా సరిపోతుంది. 30 దాటితే లైకోపీన్ తయారీ మందగిస్తుంది, పసుపు ఛాయనిచ్చే కెరోటిన్ మాత్రం తయారవుతూనే ఉంటుంది. మండుటెండల్లో పండ్లు నారింజ రంగు దగ్గరే ఆగిపోయేది అందుకే. 10 డిగ్రీలకు తగ్గితే పండటం దాదాపు నిలిచిపోతుంది.

కాయ నిండిందో లేదో తెలియాలంటే ఒకదాన్ని అడ్డంగా కోసి చూడండి. గింజలు కత్తికి తెగితే అది ఇంకా లేతది. ఎన్నాళ్లు దాచినా వడలిపోతుందే తప్ప రుచి రాదు. గింజల చుట్టూ జిగురు పట్టి, కత్తి తగలగానే గింజ పక్కకు జారిందంటే నిండినట్టే. ఇంకా మంచిది, కాయ అడుగున, పువ్వు రాలిన చోట, లేత గులాబీ ఛాయ కనబడేదాకా ఆగడం. ఆ దోర దశలో కోసినా రుచికి పెద్దగా లోటుండదు. పక్షుల బెడద, వాన పగుళ్ల భయం ఉంటే అప్పుడే కోసేయమని నా సలహా.

కోసినవాటిని ఒకదాని మీద ఒకటి పడకుండా, తొడిమ వైపు కిందికి పెట్టి పరచండి. తొందరగా పండాలంటే కాగితం సంచిలో ఒక మాగిన అరటిపండుతో కలిపి ఉంచండి, దాన్నుంచి వచ్చే ఇథిలీనే పని చేస్తుంది. ప్లాస్టిక్ సంచి వద్దు, చెమ్మ చేరి బూజు పడుతుంది. రోజూ చూసి మెత్తబడినవి తీసేయండి. దోరకాయలను ఫ్రిజ్‌లో పెడితే చలికి దెబ్బతిని, తర్వాత బయట పెట్టినా సరిగా పండవు.

ఇక మొక్క దగ్గరికి వద్దాం. కుండీ అయితే కనీసం 15 నుంచి 20 లీటర్లది కావాలి. నారును కింది ఆకులు తుంచి, కాండం సగం దాకా మట్టిలోకి పోయేలా లోతుగా నాటండి. పూడిన కాండం పొడవునా వేర్లు పుడతాయి. రోజుకు ఆరు గంటలైనా ఎండ ఉండాలి. ఎండ కావలసింది ఆకుకు, కాయకు కాదు. నత్రజని ఎరువు ఎక్కువైతే మొక్క గుబురుగా పెరిగి పూత తగ్గుతుంది. పగలు 35 దాటినా, రాత్రిళ్లు చల్లబడకపోయినా పూత రాలుతుంది. గాలి ఆడని చోట పూల గుత్తిని మధ్యాహ్నంలోపు వేలితో మెల్లగా తట్టండి, పుప్పొడి రాలి పిందె పడుతుంది.

కాయ అడుగు నల్లగా గుంటపడితే అది తెగులు కాదు, కాయకు కాల్షియం అందకపోవడం. వెంటనే గుడ్డుపెంకులు వేస్తారు. అవి కరగడానికి నెలలు పడుతుంది. చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది, దాన్ని మోసే నీరే సరిగా అందదు. ఒకరోజు ఎండగట్టి, మర్నాడు ముంచెత్తితే ఇదే జరుగుతుంది, కాయలూ పగులుతాయి. వేలు రెండు కణుపుల లోతు గుచ్చి, పొడిగా తగిలితే నిండుగా పోయండి. పైన ఎండుగడ్డి పరిస్తే తేమ నిలకడగా ఉంటుంది.

చలికాలం వచ్చే చోట, చలి ముదరడానికి నెలన్నర ముందు ఎత్తుగా పెరిగే రకాల కొసలు తుంచేసి, కొత్త పూగుత్తులు కూడా తీసేయండి. ఆ పూత ఎలాగూ పండు కాదు. ఆ బలం ఉన్న కాయలకు పోతుంది.