సరుకు అమ్మేవాడి సలహా

అందరికీ నమస్కారం.

ఇందాక నన్ను పరిచయం చేస్తూ 'పెద్ద టెక్నాలజీ కంపెనీలో కన్సల్టెంట్' అన్నారు. సాఫ్ట్‌వేర్ తయారుచేసి అమ్మే కంపెనీకి సలహాలు చెప్పే మనుషులతో పనేమిటని మీకు అనుమానం వచ్చే ఉంటుంది. మా అమ్మ ఇరవై ఏళ్లుగా ఇదే అడుగుతోంది. ఆవిడకి ఇప్పటిదాకా సరిగ్గా చెప్పలేకపోయాను. ఇవాళ మీ దగ్గర ప్రయత్నిస్తాను.

1960ల్లో ఐబీఎం తన కంప్యూటర్లను ఎక్కువగా అద్దెకిచ్చేది. ప్రోగ్రాములు, శిక్షణ, కస్టమర్ ఆఫీసుకొచ్చి పనిచేసే సిస్టమ్స్ ఇంజినీర్లు, అన్నీ ఆ అద్దెలోనే. సలహాకి వేరే బిల్లు ఉండేది కాదు. 1969 జనవరిలో అమెరికా ప్రభుత్వం ఐబీఎం మీద గుత్తాధిపత్యం కేసు వేసింది. జూన్ 23న ఐబీఎం ఆ మూట విప్పింది. ఇకనుంచి సాఫ్ట్‌వేర్‌కీ, ఇంజినీర్ల సేవలకీ విడివిడిగా ధర పెడతామంది. మా వృత్తికి రేటు అలా వచ్చింది. అంతకుముందు సలహా ఉచితమని కాదు, ఎంతో తెలిసేది కాదు, అంతే.

ఈ పనిలో డబ్బుందని ముందే పసిగట్టినవాడు ఐబీఎంలోనే సేల్స్‌మన్‌గా పనిచేసిన రాస్ పెరో. 1962లో బయటికొచ్చి ఈడీఎస్ అనే కంపెనీ పెట్టాడు. యంత్రం ఎవరిదైనా సరే, నడిపిపెట్టడం మా పని అన్నాడు. ఐబీఎం ఆ దారిలోకి గట్టిగా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. 1989లో కెమెరా ఫిల్ముల కంపెనీ కొడాక్ తన డేటా సెంటర్ల పనిని ఐబీఎంకి అప్పగించాక పెద్ద కంపెనీలు కూడా ఈ బరువు దించుకోవచ్చని మిగతావాళ్లకి ధైర్యం వచ్చింది.

1993లో లూ గెర్‌స్ట్‌నర్ సీఈఓగా వచ్చాడు. ఆ ఒక్క ఏడాది ఐబీఎం నష్టం 800 కోట్ల డాలర్లు దాటింది. కంపెనీని ముక్కలు చేసి అమ్మేయాలన్న ఆలోచన అప్పటికే నడుస్తోంది. ఆయన కంప్యూటర్ల మనిషి కాదు. అంతకుముందు ఉద్యోగాల్లో ఐబీఎం సరుకు కొన్నవాడు. కొనేవాడికి ఏం కావాలో ఆయనకు అనుభవమే. పది కంపెనీల దగ్గర కొన్న పది ముక్కల్ని కలిపి పనిచేయించేవాడు ఒకడు కావాలి. అందుకే ముక్కలు చేయడం ఆపేశాడు. దానికంటే కష్టమైన పని ఇంకోటి చేశాడు. కస్టమర్‌కి మంచిదైతే, పోటీ కంపెనీ సరుకునే తీసుకోమని మన సర్వీసెస్, అంటే సేవల విభాగం వాళ్లు చెప్పొచ్చన్నాడు. హార్డ్‌వేర్ అమ్మేవాళ్లకి అది ఎంత మండి ఉంటుందో ఊహించండి! 2000ల మధ్యకొచ్చేసరికి ఐబీఎం ఆదాయంలో సగానికి పైగా సర్వీసెస్ నుంచే వచ్చేది.

ఆ మంట సంగతి నాకు తెలుసు. నా మొదటి ఉద్యోగంలో, క్వార్టర్, అంటే అమ్మకాలు లెక్క చూసే మూడు నెలలు, ముగియడానికి పది రోజుల ముందు జరిగిన మీటింగ్‌లో, కస్టమర్ సూటిగా నన్నే అడిగాడు: "మీ డేటాబేస్ కొత్త వెర్షన్ మాకు నిజంగా అవసరమా?" పక్కన, ఆ కస్టమర్‌కి అమ్మకాలు చూసే మా అకౌంట్ మేనేజర్ ఉన్నాడు. అవసరం లేదన్నాను. ఆరు నెలలు ఆయన నాతో కలిసి భోజనానికి రాలేదు. మీరు నన్ను మెచ్చుకునేలోపు రెండోది కూడా చెప్పాలి. మరో కస్టమర్ దాదాపు అదే ప్రశ్న అడిగినప్పుడు నోరు మూసుకున్నాను. మేం అమ్మిన ఆ ప్రోడక్ట్ వాళ్ల పాత సిస్టమ్‌తో కలవలేదు. గో-లైవ్, అంటే కొత్త సిస్టమ్ వాడకం మొదలుపెట్టే రోజు, మూడుసార్లు వాయిదా పడింది. రెండు ప్రాజెక్టుల్లోనూ నేను అదే మనిషిని. తేడా ఒక్కటే. మొదటి దాంట్లో నా బోనస్ పని గంటలకి ముడిపడి ఉంది, రెండో దాంట్లో లైసెన్సుల అమ్మకానికి. కన్సల్టెంట్ నిజాయితీ గురించి అడిగే ముందు అతని బోనస్ దేనిమీద లెక్కేస్తారో అడగండి.

ఇక డబ్బు లెక్క. సాఫ్ట్‌వేర్ ఒకసారి రాస్తే, వెయ్యో కాపీకి దాదాపు ఖర్చుండదు. నా గంట మాత్రం ఒక్కసారే అమ్ముడవుతుంది. మా మేనేజర్లు పొద్దున లేస్తే చూసేది యుటిలైజేషన్, అంటే మా పనివేళల్లో ఎన్ని గంటలకి బిల్లు వేయగలిగారని. ప్రాజెక్టు లేకపోతే బెంచ్ మీద ఉంటాం. జీతం వస్తుంది, టెన్షన్ కూడా వస్తుంది. ప్రోడక్టులో వచ్చే లాభాల శాతం ఇందులో రాదు. అందుకే పెద్ద కంపెనీలు ఈ విభాగాన్ని ముచ్చటపడి కొంటాయి, తర్వాత వదిలించుకోవడానికి తంటాలు పడతాయి.

హెచ్‌పీ సంగతే చూడండి. 2000లో ప్రైస్‌వాటర్‌హౌస్‌కూపర్స్ అనే ఆడిట్ కంపెనీ కన్సల్టింగ్ విభాగాన్ని సుమారు 1800 కోట్ల డాలర్లకి కొనబోయి వెనక్కి తగ్గింది. ఆ తర్వాత రెండేళ్లలో డాట్‌కామ్ బుడగ పేలి, ఇంటర్నెట్ కంపెనీల షేర్లు కుప్పకూలాయి. ఎన్రాన్ కంపెనీ లెక్కల మోసం బయటపడ్డాక, ఆడిట్ చేసేవాళ్లే కన్సల్టింగ్ కూడా చేయడమేమిటని గొడవ పెరిగింది. అప్పుడు అదే విభాగం ఐబీఎంకి సుమారు 350 కోట్ల డాలర్లకి దొరికింది. హెచ్‌పీ మాత్రం ఆశ చంపుకోలేదు. 2008లో ఇందాక చెప్పిన ఈడీఎస్‌నే 1390 కోట్ల డాలర్లకి కొంది. 2012లో సర్వీసెస్ వ్యాపారం విలువలో దాదాపు 800 కోట్ల డాలర్లు పోయినట్టేనని పుస్తకాల్లో రాసుకుంది. ఆ విభాగం చివరికి 2017లో డీఎక్స్‌సీ అనే వేరే కంపెనీలో కలిసిపోయింది.

మైక్రోసాఫ్ట్ లెక్క వేరు. సొంత కన్సల్టింగ్ విభాగం ఉన్నా, ఎక్కువ పనిని పార్ట్‌నర్లకే, అంటే తన సరుకుతో పనిచేసే బయటి కంపెనీలకే వదిలేసింది. 2000లో యాక్సెంచర్‌తో కలిసి అవనాడ్ అనే కన్సల్టింగ్ కంపెనీ పెట్టింది. అప్పటికి యాక్సెంచర్ పేరు ఇంకా ఆండర్సన్ కన్సల్టింగే. నాకైతే ఈ పద్ధతిలో తెలివి కనిపిస్తుంది. పార్ట్‌నర్ల నోటి దగ్గర కూడు లాక్కుంటే, రేపు వాళ్లు మన ప్రోడక్ట్ గురించి మంచిమాట చెప్పరు.

ఐబీఎం 2021లో ఇంకో గీత గీసింది. కస్టమర్ల సర్వర్లు, నెట్‌వర్కులు నడిపిపెట్టే పనిని కిండ్రిల్ అనే వేరే కంపెనీగా బయటికి పంపేసి, కన్సల్టింగ్‌ని దగ్గరే ఉంచుకుంది. నడిపే పని క్లౌడ్, అంటే ఇంటర్నెట్ ద్వారా అద్దెకి దొరికే కంప్యూటర్ల దెబ్బకి చవకైపోతోంది. ఏం చేయాలో చెప్పి చేయించే పని ఇంకా మనిషి దగ్గరే ఉంది.

ఎన్నాళ్లు ఉంటుంది? ఇప్పుడు కోడ్ యంత్రమే రాస్తోంది కదా అని మీరు అడుగుతారు. గంటల లెక్కన బిల్లు వేయడం కష్టమవుతుంది, నిజమే. పది రోజుల పని రెండు రోజుల్లో అయిపోతే పది రోజుల డబ్బు ఎవరిస్తారు? కానీ మా ప్రాజెక్టుల్లో నెలలు తినేసింది కోడ్ కాదు. ఒక కంపెనీలో 'మీకు కస్టమర్లు ఎంతమంది' అని అడిగాం. ఒప్పందం మీద సంతకం పెట్టినవాళ్లందరినీ సేల్స్ వాళ్లు లెక్కేశారు. అకౌంట్స్ వాళ్లు బిల్లు అందుకున్నవాళ్లనే లెక్కేశారు. రిపేర్ల విభాగానికైతే యంత్రం ఉన్న ప్రతి చోటూ ఒక కస్టమరే. మూడు జాబితాలు, మూడు సంఖ్యలు, ఎవరికి వాళ్లు కరెక్టే. ఆ ముగ్గురినీ ఒక గదిలో కూర్చోబెట్టి ఒక్క నిర్వచనానికి ఒప్పించడానికి ఏడు వారాలు పట్టింది. అది అయ్యాక డేటా మార్చడానికి పట్టింది నాలుగు రోజులు.

మీలో కొందరు ఈ పనిలోకే వస్తారు. మొదటి ప్రాజెక్టు చేతికి రాగానే స్టేట్‌మెంట్ ఆఫ్ వర్క్, అంటే ఏ పని చేస్తామో రాసుకున్న ఒప్పందం, తెరిచి, 'ఇందులోకి రానివి' అన్న పేరాను ముందు చదవండి. మొదట్లో ఎవరూ దాన్ని పట్టించుకోరు. ఆర్నెల్ల తర్వాత గొడవ మాత్రం దాని మీదే జరుగుతుంది.

టైమ్ అయిపోయిందని వెనకనుంచి చెయ్యి ఊపుతున్నారు. ప్రశ్నలు అడగండి. మొదటిది జీతం గురించే అయినా పర్వాలేదు.